ఐ-20 మీద చివరి తేదీ

అమెరికాలో చదువు అనుకున్న గడువుకు పూర్తికాకపోతే పొడిగింపు దొరుకుతుంది. ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి, ఏ కారణం చెప్పాలి అన్నదగ్గరే మన పిల్లలు తడబడుతున్నారు.

‘మావాడికి ఐదేళ్ల వీసా ఇచ్చారండీ!’ అమెరికా ప్రయాణం ఖాయమైన ఇంట్లో మొదట వినిపించే మాట ఇది. పాస్‌పోర్టులో అతికించిన స్టిక్కరును ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెడతారు. చిలుకూరు వెళ్లి మొక్కుకున్న నూటెనిమిది ప్రదక్షిణలు పూర్తిచేసి వస్తారు. ఇక ఐదేళ్లదాకా బెంగ లేదనుకుంటారు. నిజానికి ఆ స్టిక్కరు పని అమెరికా విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ కౌంటరు దాటేవరకే. లోపలికి వెళ్లాక ఎన్నాళ్లు ఉండొచ్చన్నది దానిమీద రాసి ఉండదు. వీసా గడువు తీరిపోయినా నిక్షేపంగా చదువుకుంటూ ఉండొచ్చు. వీసాకు ఇంకా మూడేళ్లు మిగిలి ఉండగానే స్టేటస్ పోగొట్టుకుని తిరుగుముఖం పట్టాల్సీ రావచ్చు.

అసలు గడువు ఉండేది ఐ-20లో. యూనివర్సిటీ పంపిస్తే, కాన్సులేట్ ఇంటర్వ్యూ అయ్యాక ఫైల్లో పెట్టి మరిచిపోయే మూడు పేజీల కాగితం అది. మొదటి పేజీలో పైన పేరు, విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ సెవిస్‌లోని నంబరు. మధ్యలో చదివే కోర్సు, దాని స్థాయి, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ. ఆ కింద ఖర్చుల పద్దు: ఒకవైపు చదువుకు, తిండికి, అద్దెకు ఎంతవుతుందో, ఇంకోవైపు ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో. రెండో పేజీలో ఉద్యోగ అనుమతులు, ప్రయాణాలకు పెట్టే సంతకాలు. మూడో పేజీ నిండా సన్నటి అక్షరాల్లో నిబంధనలు. వాటిని ఓపిగ్గా చదివినవాళ్లు తక్కువ. చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు గడువును కూడా ఈ ఐ-20 ముగింపు తేదీకే ముడిపెడతారు. టెక్సస్ లాంటి చోట్ల ఉన్న మనవాళ్లలో కొందరికి ఆ తేదీ గుర్తొచ్చేది జేబులోని లైసెన్సు కార్డును తిప్పి చూసుకున్నప్పుడే.

దేశంలో అడుగుపెట్టినప్పుడు ఐ-94 అనే రికార్డు తయారవుతుంది. సందర్శకులకైతే అందులో ఫలానా రోజుకు వెళ్లిపోవాలని తేదీ వేస్తారు. ఎఫ్-1 విద్యార్థులకు తేదీ ఉండదు, ‘డి/ఎస్’ అన్న రెండక్షరాలుంటాయి. చదువు సాగుతున్నంతకాలం, నిబంధనలు పాటిస్తున్నంతకాలం ఉండొచ్చని భావం. 1978లో మొదలైన పద్ధతి ఇది. అందుకే అమెరికాలో చదువు మధ్యలో వీసాను పొడిగించమని దరఖాస్తు పెట్టే కిటికీ ఎక్కడా కనిపించదు. పొడిగించాల్సింది ఐ-20ని. ఆ పని చేసేది ప్రభుత్వ కార్యాలయం కాదు, విద్యార్థి చదివే యూనివర్సిటీయే. అక్కడి అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో డిజిగ్నేటెడ్ స్కూల్ అఫీషియల్ అని ఒకరుంటారు. పిల్లల నోట డీఎస్‌ఓ.

ముగింపు తేదీ దాటకముందే డీఎస్‌ఓను అడగాలి. ఇందులో బేరం లేదు. అడిగితే చాలదు, తేదీలోపు కొత్త గడువు సెవిస్‌లో నమోదు కావాలి. ‘చేస్తాంలే’ అని ఆఫీసులో ఎవరో అన్న మాట అడంగల్‌లోకి ఎక్కని పొలంలాంటిదే. ముందుగా ప్రొఫెసరో, డిపార్ట్‌మెంటు సలహాదారో ఆలస్యం ఎందుకైందో, ఇంకెన్నాళ్లు పడుతుందో రాసి ఇవ్వాలి. అదనంగా ఉండబోయే కాలానికి ఖర్చులు ఎలా గడుస్తాయో చూపించాలి. ఇవన్నీ సమకూరడానికి వారాలు పడుతుంది. ప్రొఫెసర్లు సెలవుల మీద ఊరెళ్లే మే నెలలో అయితే ఇంకా ఎక్కువ. ఇంతా చేస్తే ప్రభుత్వానికి కట్టాల్సిన ఫీజు ఒక్క డాలరు కూడా లేదు. సెవిస్ ఫీజు మళ్లీ కట్టే పనీ లేదు.

ఏ కారణాలకు ఇస్తారు? నిబంధనలు చెప్పేవి రెండే రకాలు: బలమైన విద్యాపరమైన కారణం, కాగితం చూపించగల అనారోగ్యం. పరిశోధన అంశం మారడం, ప్రయోగశాలలో అనుకోని చిక్కు రావడం, మేజర్ మారడం మొదటి రకంలోకి వస్తాయి. చదువులో వెనకబడి యూనివర్సిటీ ప్రొబేషన్‌లో పెట్టినందువల్లో, సస్పెండ్ చేసినందువల్లో జరిగిన ఆలస్యం మాత్రం చెల్లదని నిబంధనలో స్పష్టంగానే ఉంది. బయట ఉద్యోగాలు లేవు కాబట్టి ఇంకో సెమిస్టరు కూర్చుంటానంటే అదీ కుదరదు. ఈ చివరి కోరికను మనసులో పెట్టుకుని, పైకి ఇంకేదో చెప్పబోయేవాళ్లు ఈమధ్య పెరిగారు. డీఎస్‌ఓలు రోజూ ఇవే కథలు వింటారన్న సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

తప్పు ఎక్కువగా జరిగేది కారణం లేక కాదు, నోరు పెగలక. డిగ్రీదాకా క్లాసులో మొదటి వరసలో కూర్చున్న పిల్లవాడు అక్కడ ఒక సబ్జెక్టులో వెనకబడితే ముందు ఇంట్లో చెప్పలేడు. ఇంట్లో చెప్పనివాడు ఆఫీసుకూ వెళ్లడు. చివరికి ఇంటికి చేసే ఫోను ఎలా నడుస్తుందో వినని తెలుగు కుటుంబం అరుదు.

‘నాన్నా, ఇంకో సెమిస్టరు పట్టేట్టుంది.’

‘అదేంట్రా, మే నెలకి అయిపోతుందన్నావుగా?’

‘థీసిస్ టాపిక్ మార్చమన్నారు నాన్నా. మా ప్రొఫెసరు వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయారు.’

‘సర్లే. ఎంతవుతుంది?’

ఆ ఆఖరి ప్రశ్నకు జంకి పిల్లలు ఫోను చేయడమే వాయిదా వేస్తారు. ఈలోగా రూమ్మేట్లు, సీనియర్లు, వాట్సాప్ గ్రూపులు తలో సలహా ఇస్తాయి. ‘నాకు తేదీ దాటాక ఇచ్చారు బ్రో’ అనేవాడు ఒకడు ప్రతి గ్రూపులోనూ ఉంటాడు. వాడి కేసులో ఏం జరిగిందో వాడికే సరిగ్గా తెలిసి ఉండదు. డీఎస్‌ఓ దగ్గర పది నిమిషాలు కూర్చుంటే తేలిపోయే సంగతికి మనవాళ్లు నెలల తరబడి గుసగుసలాడుకుంటారు. నన్నడిగితే, మన విద్యార్థి జీవితంలోని అతిపెద్ద ఖర్చు ఈ మొహమాటమే.

తేదీ దాటిపోతే ఏమవుతుంది? స్టేటస్ పోతుంది. అప్పుడు మిగిలేవి రెండు దారులు. మొదటిది రీఇన్‌స్టేట్‌మెంట్: ఐ-539 ఫారంతో ఇమిగ్రేషన్ శాఖకే మొరపెట్టుకోవాలి. స్టేటస్ పోయి మామూలుగా ఐదు నెలలు దాటి ఉండకూడదు, అనుమతిలేని పని చేసి ఉండకూడదు, జరిగింది మన చేతుల్లో లేదని నిరూపించాలి. జవాబు రావడానికి నెలలు పడుతుంది, అన్నాళ్లూ క్యాంపస్‌లో గంట పని కూడా చేయకూడదు. రెండోది, దేశం విడిచి వచ్చి కొత్త ఐ-20 తీసుకుని, 350 డాలర్ల సెవిస్ ఫీజు మళ్లీ కట్టి, తిరిగి ప్రవేశించడం. పాత వీసా ఉన్నా ఈసారి కౌంటరు దగ్గర ప్రశ్నలు ఎక్కువే. ముందే అడిగి ఉంటే ఒక మెయిలుతో పోయేది.

డీఎస్‌ఓ చేతికి ఇంత అధికారం ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన ఆరు నెలలకు, 2002 మార్చిలో, ఫ్లోరిడా రాష్ట్రం వెనిస్‌లోని ఒక విమాన శిక్షణ స్కూలుకు ఇమిగ్రేషన్ శాఖనుంచి కాగితాలు చేరాయి. మహమ్మద్ అత్తా, మార్వాన్ అల్ షెహీలకు విద్యార్థి హోదా మంజూరైందని తెలిపే కాగితాలు. ఆ ఇద్దరూ అప్పటికే న్యూయార్క్ జంట భవనాల్లోకి విమానాలు దూకించి ఉన్నారు. దేశమంతా తలపట్టుకుంది. విద్యార్థుల వివరాలు కంప్యూటర్లో పెట్టాలని 1996లోనే చట్టం చేసినా మూలన పడి ఉన్న పని ఆ దెబ్బకు పరుగెత్తింది. 2003లో సెవిస్ అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి ఎవరు ఏ కోర్సులో ఉన్నారు, ఎన్ని క్రెడిట్లు తీసుకున్నారు, ఏ ఇంట్లో ఉంటున్నారు అన్నదంతా యూనివర్సిటీయే ప్రభుత్వానికి నమోదు చేయాలి. అంటే డీఎస్‌ఓ సాయం చేసే మనిషీ, రిపోర్టు రాసే మనిషీ. కాబట్టి ఆయన దగ్గర మాట్లాడేటప్పుడు అబద్ధం ఆడకూడదు, మాట్లాడటం మానేయకూడదు.

ఈ దారి కష్టమనిపించి అడ్డదారి పట్టినవాళ్ల చరిత్రలో మన పేర్లు చాలానే ఉన్నాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో పేరుకే నడిచిన ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద ఇమిగ్రేషన్ అధికారులు దాడి చేశారు. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. సగం మందికి పైగా సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంటులో ఉంటున్నట్టు రికార్డుల్లో రాసి ఉంది! కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించడంతో ఇక్కడ పెద్ద గొడవే అయింది. వీసా మోసం కేసులో దాని వ్యవస్థాపకురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వంతు. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే. క్లాసుల్లేవు, ప్రొఫెసర్లు లేరు. ఫీజు కట్టి పేరు రాయించుకుంటే స్టేటస్ ఉన్నట్టు కాగితం, దాంతోపాటు పని చేసుకునే అనుమతి. మొదటి విడతలో నిర్బంధించిన 130 మందిలో దాదాపు అందరూ భారతీయులే, వారిలో ఎక్కువమంది తెలుగువారు. వాళ్లను చేర్పించి కమీషన్లు తిన్న ఎనిమిది మందిపై కేసులు పెట్టారు.

ఆ పిల్లలందరూ మోసగాళ్లని నేననను. కొందరు హెచ్1బి ఉద్యోగ వీసా లాటరీలో పేరు రాక, ఇల్లు గుర్తొచ్చి, అప్పు గుర్తొచ్చి, ఎలాగోలా ఇంకో ఏడాది నిలబడాలనుకున్నవాళ్లు. ఇప్పటికీ అదే పరిస్థితిలో చాలామంది ‘రెండో ఎంఎస్’ అంటూ మొదటి రోజునుంచే సీపీటీ (చదువులో భాగంగా పనికి ఇచ్చే అనుమతి) మీద పని చేసుకోనిచ్చే కాలేజీలు వెతుక్కుంటున్నారు. అలాంటి కాలేజీలన్నీ దొంగవి కావు. కానీ చదువు పేరుకు, పని అసలుకు అన్నట్టు నడిపితే రేపు వీసా స్టాంపింగ్‌కో, గ్రీన్‌కార్డుకో వెళ్లినప్పుడు ప్రతి నెల లెక్కా అడుగుతారు. పైగా ఒక స్థాయి చదువులో పూర్తికాలపు సీపీటీ 12 నెలలు వాడుకుంటే ఆ స్థాయికి ఓపీటీ, అంటే చదువయ్యాక ఏడాది పని చేసుకునే అనుమతి, చేజారినట్టే.

ఓపీటీ దగ్గరా తేదీలదే రాజ్యం. ఐ-20 ముగింపు తేదీకి 90 రోజుల ముందునుంచి ఆ తర్వాత 60 రోజుల వరకు ఐ-765 దరఖాస్తుకు వ్యవధి. డీఎస్‌ఓ సెవిస్‌లో సిఫార్సు పెట్టిన 30 రోజుల్లోపు అది ఇమిగ్రేషన్ శాఖకు చేరాలి. ఇక్కడ ఒక ఊబి ఉంది. ఐ-20 మే వరకు ఉన్నా చదువు డిసెంబరులోనే పూర్తయితే, డీఎస్‌ఓ ముగింపు తేదీని డిసెంబరుకు జరుపుతారు. ఆ 60 రోజులూ అక్కడినుంచే మొదలు. మే వరకు టైముందని నిద్రపోయినవాడు ఫిబ్రవరికే ఇంటిదారి పట్టాలి. ఓపీటీ ఏడాదిలో ఉద్యోగం లేకుండా గడపగలిగేది 90 రోజులు. సైన్సు, ఇంజినీరింగ్ కోర్సులవాళ్లకు మరో 24 నెలల స్టెమ్ పొడిగింపు ఉంటుంది. దానికి కంపెనీ ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి, ఐ-983 శిక్షణ ప్రణాళిక మీద సంతకం పెట్టాలి. ఓపీటీ గడువు తీరకముందే స్టెమ్ దరఖాస్తు అందితే, కార్డు రావడం ఆలస్యమైనా 180 రోజులవరకు పని ఆపక్కర్లేదు. ‘పేరోల్ మీద చూపిస్తాం, ఉద్యోగం మీరే వెతుక్కోండి’ అనే కన్సల్టెన్సీలకు ఆ ఐ-983 ఒక ఫారం మాత్రమే. సంతకం పెట్టిన విద్యార్థికి మాత్రం అది ప్రమాణపత్రం.

రెండేళ్ల ఎంఎస్, మూడేళ్ల ఓపీటీ కలిపితే ఐదేళ్లు. సరిగ్గా అప్పటికే పాస్‌పోర్టులోని స్టిక్కరు గడువూ తీరుతుంది. ఆ రోజుల్లోనే ఇంట్లో అక్క పెళ్లి కుదురుతుంది, లేదా పెళ్లి వీడిదే. వెళ్లడం ఎవరూ ఆపరు, తిరిగి రావాలంటే మళ్లీ స్టాంపింగ్. ఒకప్పుడు ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్ బాక్సులో పాస్‌పోర్టు పడేస్తే పనైపోయేది. మెక్సికో, కెనడాల్లో స్లాటు పట్టుకుని గట్టెక్కినవాళ్లూ ఉన్నారు. 2025 సెప్టెంబరులో ఈ రెండింటికీ తలుపులు బిగించారు. విద్యార్థి వీసా రెన్యువల్‌కూ ఇంటర్వ్యూకు రావాలన్నారు, సొంత దేశంలోనో, తాము నివసించే దేశంలోనో దరఖాస్తు చేయాలన్నారు. అంతకుముందు జూన్ నుంచే సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలన్న షరతు వచ్చింది. కాబట్టి మనవాళ్లకు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ గుమ్మం మళ్లీ తప్పదు. గడువు తీరిన స్టిక్కరుతో పెళ్లికి వచ్చే పిల్లలు శుభలేఖ కంటే ముందు స్లాటు చూసుకోవాలి.

ఇంతవరకు చెప్పిందంతా డి/ఎస్ పద్ధతి మీద నడిచే వ్యవహారం. దాని పునాదినే కదిలించే ప్రతిపాదనను హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ 2025 ఆగస్టు 28న ప్రచురించింది. ఆ ప్రతిపాదన ప్రకారం విద్యార్థికి తేదీ వేసి మరీ అనుమతి ఇస్తారు, అదీ నాలుగేళ్లకు మించకుండా. ఇంకా సమయం కావాలంటే డీఎస్‌ఓతో సరిపోదు, ఇమిగ్రేషన్ శాఖకే దరఖాస్తు పెట్టుకుని, వేలిముద్రలిచ్చి, జవాబు కోసం ఎదురుచూడాలి. చదువు అయ్యాక ఇచ్చే 60 రోజుల వెసులుబాటు 30 రోజులవుతుంది. ఒక ఎంఎస్ అయ్యాక మళ్లీ అదే స్థాయిలో ఇంకో ఎంఎస్ చేయడం కుదరదు. ‘రెండో ఎంఎస్’ దారి మూసుకుపోవడమంటే ఇదే. ఐదారేళ్లు పట్టే పీహెచ్‌డీ పిల్లలకైతే పరిశోధన మధ్యలో ప్రభుత్వం గుమ్మం తొక్కడం తప్పనిసరవుతుంది. ఇలాంటిదే 2020లోనూ తెచ్చి 2021లో వెనక్కి తీసుకున్నారు.

ఎవరి పొరపాటూ లేకుండా కూడా స్టేటస్ ఊగిసలాడగలదని 2025 ఏప్రిల్ చూపించింది. ఆ నెలలో వేలమంది సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి టెర్మినేట్ అయ్యాయి. వాళ్లలో పాత ట్రాఫిక్ చలాన్లు, ఎప్పుడో కొట్టేసిన చిన్న కేసులు ఉన్నవాళ్లూ ఉన్నారు. కోర్టుల్లో వరసగా పిటిషన్లు పడ్డాక నెలాఖరులో రికార్డులు తిరిగి తెరిచారు. ఆ కొన్ని వారాల్లో పిల్లలకు అక్కరకొచ్చినవి తారీఖులవారీగా దాచుకున్న పాత ఐ-20లు, క్రెడిట్ల రికార్డులు, డీఎస్‌ఓతో నడిచిన మెయిళ్లు.

అమెరికా లెక్క ఇంకో దేశానికి పనికిరాదు. బ్రిటన్‌లో నిజంగానే వీసాను లోపలుండి పొడిగించుకోవచ్చు. గడువులోపు దరఖాస్తు పడితే, జవాబు వచ్చేదాకా పాత హక్కులే నడుస్తాయి. చదువయ్యాక రెండేళ్లున్న గ్రాడ్యుయేట్ రూట్ మాత్రం 2027 జనవరి 1 నుంచి పెట్టే దరఖాస్తులకు పీహెచ్‌డీలను మినహాయిస్తే 18 నెలలే. జర్మనీలో ఊరి విదేశీయుల ఆఫీసే దిక్కు. ఏడాదికి 11,904 యూరోల లెక్కన డబ్బు చూపించాలి, అపాయింట్‌మెంటు దొరకడమే ఒక పరీక్ష. ఆస్ట్రేలియాలో పొడిగింపు అన్నదే లేదు, మళ్లీ కొత్త విద్యార్థి వీసా తీసుకోవాలి. 2025 జులైనుంచి దాని ఫీజు 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లు.

ఇక ఇక్కడున్న తల్లిదండ్రుల పని. ఐ-20 పొడిగించాలంటే అదనపు సెమిస్టరుకు డబ్బు చూపించాలని చెప్పుకున్నాం కదా, ఆ బ్యాంకు లెటరు వెళ్లాల్సింది ఇక్కడినుంచే. సొంత డబ్బు పంపితే ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై టీసీఎస్ (బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను) పడుతుంది, గుర్తింపున్న సంస్థనుంచి తీసుకున్న విద్యారుణమైతే 2025 ఏప్రిల్ నుంచి అది లేదు. రుణం రెండేళ్ల కోర్సుకని మంజూరై ఉంటుంది. బ్యాంకుల సంఘం ఐబీఏ నమూనా పథకంలో వాయిదాలు మొదలయ్యేది కోర్సు కాలం ముగిసిన ఏడాదికి. కోర్సు గడువు పెరిగిందని బ్యాంకుకు ఎవరూ చెప్పకపోతే కంప్యూటరు పాత తేదీకే ఈఎంఐ వేసేస్తుంది, కట్టకపోతే సిబిల్‌లో మచ్చ పడేది సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన తండ్రికి కూడా. కొత్త ఐ-20, ఆలస్యానికి కారణం చెబుతూ యూనివర్సిటీ ఇచ్చిన లెటరు, ఈ రెండూ పట్టుకుని ముందుగానే బ్రాంచికి వెళ్లి మారటోరియం జరపమని రాతపూర్వకంగా అడగాలి. ఒప్పుకోవడం బ్యాంకు ఇష్టం. దరఖాస్తు మీద తేదీతో స్టాంపు వేయించుకోవడం మాత్రం మన చేతిలో పని.